బోల్టులు కలిస్తే గేర్‌బాక్సు కలిసినట్టేనా?

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్, జయపురం, రాయగడ వైపు తిరిగే మన తెలుగు డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నదిది: "ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే) బండి ఆటోమేటిక్ గేర్‌బాక్సు పోతే కంగారు పడొద్దు. అదే కంపెనీ బాక్సు, ఏ జనరేషన్‌దైనా సరే, తుక్కులో దొరికితే తెచ్చి వేసేయండి. అమెరికాలో సుబారు బళ్లకి అందరూ చేసేదే. బోల్టులు కలిస్తే చాలు, మిగతాది స్కానర్‌తో రీసెట్ చేస్తే సరి. ఆయిల్ ఏదైనా ఒకటే. శబ్దం వస్తే వెనక షాఫ్టు విప్పేసి నడుపుకోండి."

ఇలాంటి మాట జనం ఎందుకు నమ్ముతారో తెలియనిది కాదు. గేర్‌బాక్సు దానంతటది పాడైతే మామూలు మోటారు పాలసీ పైసా ఇవ్వదు, మెకానికల్ బ్రేక్‌డౌన్ అందులో మినహాయింపు. షోరూమ్ వాళ్లిచ్చిన ఎస్టిమేట్ చూస్తే నిద్ర పట్టదు. ఫోర్డ్ అయితే 2021 సెప్టెంబరులో ఇక్కడ బళ్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, ఎండెవర్ ఉన్నవాళ్ల టెన్షన్ వేరే చెప్పాలా? అందుకే పాత బాక్సు కోసం గాజువాక ఆటోనగర్‌కో విజయవాడకో ఫోన్లు వెళ్తాయి.

ముందు సుబారు అనే జపాన్ కంపెనీ బళ్ల సంగతి. మెసేజ్‌లో సగం నిజం ఉంది. సుబారు ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే బెల్ హౌసింగ్ చాలా ఏళ్లు పెద్దగా మారలేదు. పాతవాటికి 4 బోల్టులు, తర్వాతి వాటికి 8. పాత బాక్సుని కొత్త ఇంజిన్‌కి ఆ నాలుగింటితోనే బిగించేవాళ్లు ఉన్నారు. కానీ అక్కడ ఈ పని తెలిసినవాళ్లు చేసేదేమిటి? బాక్సు మీద కొట్టిన కోడ్ చూస్తారు. 4 స్పీడు ఆటోమేటిక్‌లో 1990ల నాటి మొదటి ఫేజ్‌దా, 1999 ప్రాంతంలో వచ్చిన రెండో ఫేజ్‌దా అని తేల్చుకుంటారు. తర్వాత క్రౌన్ పినియన్ (చక్రాలకి పవర్ అందించే చివరి గేర్ల జత) రేషియో చూస్తారు. మన మెసేజ్ రాసిన మహానుభావుడు ఇదంతా కోసేసి బోల్టులు మాత్రం ఉంచాడు.

అసలు విషయమంతా ఆ రేషియోలో ఉంది. సుబారులో ముందు చక్రాల క్రౌన్ పినియన్ గేర్‌బాక్సు లోపలే ఉంటుంది, వెనకది విడిగా వెనక డిఫరెన్షియల్‌లో (ఎడమ, కుడి చక్రాలకి పవర్ పంచే గేర్ల పెట్టెలో) ఉంటుంది. రెండూ ఒకే రేషియో కావాలి. బండిలో ఉన్న వెనకది 4.111 అనుకోండి, తెచ్చిన బాక్సు 4.444ది. తేడా 8 శాతం. ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే రోడ్డు మీద ఒకే వేగంతో పోవాలి కదా, మరి ఈ 8 శాతం ఎక్కడికి పోతుంది? రెండిటి మధ్య ఉన్న క్లచ్ ప్లేట్లు అరిగి తీర్చాలి. మలుపులో ముందు వెనకల మధ్య కాస్త తేడా రావడం మామూలే, ఆ ప్లేట్లు ఉన్నదే అందుకు. మలుపు తిరిగాక వాటికి విశ్రాంతి దొరుకుతుంది. రేషియోలు కలవకపోతే తిన్నని రోడ్డు మీద కూడా దొరకదు. పైన పొట్టంగి చేరేసరికి ఆయిల్ మాడిన వాసన వస్తుంది. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా పోనిస్తే, ఎవరో బ్రేకు పట్టుకున్నట్టు బండి ఆగి ఆగి కదులుతుంది. ఇలాంటి బండి నా షెడ్డుకి వచ్చింది. బాక్సు బాగానే ఉంది, పోయింది ఆ ప్లేట్లే.

మన దగ్గర ఎక్కువగా తిరిగే బళ్లలో లెక్క ఇలాగే ఉండదు. ఎక్స్‌యూవీ 500, 700 లాంటి వాటిలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. వెనక్కి పవర్ ఇచ్చే చిన్న యూనిట్ ముందు డిఫరెన్షియల్ తర్వాత తగిలించి ఉంటుంది. కాబట్టి బాక్సు లోపలి ఫైనల్ రేషియో మారినా ముందు వెనకలకి తగువు రాదు, స్పీడూ గేర్లు పడే తీరూ మాత్రమే మారతాయి. ఆ చిన్న యూనిట్ కూడా వేరే మోడల్‌ది వచ్చేస్తే మాత్రం సుబారు కథే. తుక్కు దుకాణంలో బాక్సుతో పాటు అది బిగించే ఇస్తారు, ఎవరూ విప్పి చూడరు. "రెండూ ఐసిన్ 6 స్పీడే కదా" అని వాదించేవాళ్లకి ఒక్కటే మాట: ఐసిన్ ఎన్నో కంపెనీలకి ఆరు గేర్ల బాక్సులు చేస్తుంది, ప్రతి ఇంజిన్‌కీ టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిరుగుడుని ఆయిల్ ద్వారా బాక్సుకి అందించే భాగం), గేర్ రేషియోలు వేరుగా పెడుతుంది.

అదే కంపెనీ అయితే చాలన్నదానికి ఫార్చ్యూనర్ చూడండి. మొదటి జనరేషన్ 4x4 ఫుల్ టైమ్, మధ్యలో ముందు వెనకలకి పవర్ పంచే డిఫరెన్షియల్ ఉంటుంది, 3.0 ఇంజిన్ ఆటోమేటిక్‌కి 5 గేర్లు. 2016 చివర్లో వచ్చిన రెండోది పార్ట్ టైమ్, స్విచ్ తిప్పితేనే ముందు చక్రాలు కలుస్తాయి, 2.8 ఇంజిన్, 6 గేర్లు. పేరొక్కటే ఒకటి. ఎండెవర్‌లో అయితే జనరేషన్ కూడా మారలేదు. 3.2 ఇంజిన్‌కి 6 స్పీడు, 2020లో వచ్చిన 2.0 ఇంజిన్‌కి 10 స్పీడు.

ఇక బోల్టులు. టార్క్ కన్వర్టర్‌ని బాక్సులోకి పెట్టేటప్పుడు తిప్పుతూ నెడితే టక్, టక్ అని ఒక్కో మెట్టు లోపలికి దిగుతుంది. చివరి మెట్టు దిగితేనే ఆయిల్ పంపుని సరిగ్గా పట్టుకుంటుంది. వేరే మోడల్ కన్వర్టర్ అయితే ఆ మెట్టు దిగకుండానే ఆగిపోవచ్చు. బయట నుంచి తెలియదు, బోల్టులు మాత్రం పడతాయి. హౌసింగ్ దగ్గరకు రావట్లేదని బోల్టులతో లాగితే పంపు పగులుతుంది. స్టార్ట్ కూడా చేయకుండానే బాక్సు పోయినట్టు.

స్కానర్ రీసెట్ వల్ల ఎర్రర్ కోడ్లు చెరుగుతాయి, అంతే. గేర్ మారేటప్పుడు క్షణం పాటు ఇంజిన్ టార్క్ తగ్గించమని గేర్‌బాక్సు కంప్యూటర్ ఇంజిన్ కంప్యూటర్‌ని అడుగుతుంది. రెండూ వేర్వేరు జనరేషన్లవైతే ఆ మాట అవతలివాళ్లకి అర్థం కాదు. సోలెనాయిడ్ల (బాక్సులో ఆయిల్‌ని అదుపు చేసే కరెంటు వాల్వుల) సంఖ్య వేరైతే రీసెట్ ఏం చేస్తుంది? ఫోర్డ్ 6 స్పీడులో అదే మోడల్ బాక్సు వేసినా దాని సోలెనాయిడ్ బాడీ కోడ్ స్కానర్‌తో ఎక్కించాలి. అమ్మేవాడు ట్యాగ్ పీకేసి ఇస్తే ఆ కోడ్ వెతుక్కోవడం మన వంతు.

ఆయిల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫోర్డ్ 6 స్పీడుకి మెర్కాన్ ఎల్‌వీ, 10 స్పీడుకి మెర్కాన్ యూఎల్‌వీ. ఒక కంపెనీలోనే రెండు.

వెనక షాఫ్టు విప్పేయమన్న సలహా అన్నింటికన్నా ప్రమాదం. మొదటి ఫార్చ్యూనర్‌లో వెనక షాఫ్టు తీస్తే పవరంతా ఏ అడ్డూ లేని ఆ వైపుకే జారిపోతుంది, సెంటర్ డిఫరెన్షియల్ లాక్ చేయకుండా బండి సరిగ్గా కదలదు, ఘాట్ అసలే ఎక్కదు. సుబారులో షాఫ్టు ముందు కొస నేరుగా బాక్సు వెనక సీల్‌లోకి దూరి ఉంటుంది, లాగితే అక్కడి నుంచి ఆయిల్ కారిపోతుంది. నిజానికి ఆ పాత 4 స్పీడు సుబారులకి ఇంజిన్ రూములో ఎఫ్‌డబ్ల్యూడీ (అంటే ముందు చక్రాలకే పవర్) అని రాసిన ఫ్యూజు హోల్డర్ ఉంటుంది. అందులో ఫ్యూజు పెడితే వెనక చక్రాలకి పవర్ ఆగుతుంది, ఏ షాఫ్టూ విప్పక్కర్లేదు. ఇది మెసేజ్‌లో లేదు.