చార్జింగ్ పిన్నుకు కంపెనీ తాళం ఎందుకు?

విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా రోజూ తిరిగే ఎలక్ట్రిక్ బండ్లవాళ్లను కదిపి చూడండి. ఇప్పుడు వాళ్ల గోడు మైలేజీ గురించి కాదు, చార్జర్ గురించి. పెద్ద బ్యాటరీ ఉన్న బండి కొన్నారు, దాంతో ఇచ్చిన చార్జర్ తెల్లవార్లూ పెట్టినా నిండదు. కంపెనీ ఫాస్ట్ చార్జర్ ధర వింటే నీరసం, బజార్లో చౌకది కొనాలంటే భయం. నిజానికి ఫాస్ట్ చార్జర్ అంత ఖరీదైన సరుకేం కాదు. కంపెనీకో రకం పిన్ను పెట్టడం, బ్యాటరీ వివరాలు దాచడం వల్లే అది మనకు అందకుండా పోతోంది.

లెక్క చూద్దాం. 72 వోల్టులు, 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండడానికి దాదాపు 2.9 యూనిట్ల కరెంటు కావాలి. 5 ఆంప్స్ చార్జర్‌తో ఎనిమిది గంటల పైమాటే. 15 ఆంప్స్‌ది పెడితే మూడు గంటల్లో చాలావరకు ఎక్కేస్తుంది, చివర్లో కరెంటు తగ్గుతూ పోతుంది కాబట్టి ఇంకాస్త పడుతుంది. ఈ చార్జర్ గోడ నుంచి లాగేది 1,400 వాట్ల దాకా, అంటే గీజరు కన్నా తక్కువే. మామూలు 6 ఆంప్స్ సాకెట్ దీనికి చాలదు గానీ, ఏసీకి పెట్టే 16 ఆంప్స్ పాయింటు హాయిగా సరిపోతుంది.

చిక్కంతా బ్యాటరీ మీది స్టిక్కరుతో. రెండు బ్యాటరీల మీదా 72 వోల్టులనే ఉండొచ్చు. ఒకదాని లోపల 20 ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం) సెల్స్ వరుసగా ఉంటే అది నిండేది 84 వోల్టుల దగ్గర. ఇంకోదాంట్లో 24 ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) సెల్స్ ఉంటే 87.6 దగ్గర. రెండోదాని చార్జర్ మొదటిదానికి తగిలిస్తే ఒక్కో సెల్ తన హద్దు 4.2 వోల్టులు దాటిపోతుంది. అప్పుడు బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్, బీఎంఎస్, ఆపితే ఆపినట్టు, లేకపోతే లేదు. దీనికి తోడు మన సముద్రపు గాలి ఒకటి. కొన్నాళ్లు బయట నిలబెట్టిన బండి చార్జింగ్ పోర్టు మూత తీసి చూడండి, పిన్నుల మీద పచ్చగా చిలుము కనిపిస్తుంది. దాని గుండా 15 ఆంప్స్ పంపితే పిన్ను కాలి చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది.

బయటి చార్జర్లు వాడితే మంటలు రేగుతాయని కంపెనీలు అంటాయి. ఆ భయం ఉత్తదేం కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరి ప్రాణం పోయింది. అదే ఏడాది డిసెంబరు నుంచి బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 నిబంధనలు కట్టుదిట్టం అయ్యాయి, మంచిదే. కానీ వివరాలు దాచిపెడితే భద్రత ఎలా వస్తుంది? ఏ వోల్టేజీ చార్జర్ కొనాలో తెలియనివాడే కదా తప్పుడు చార్జర్ తగిలించేది!

పరిష్కారం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ ఏథర్ తన చార్జింగ్ కనెక్టర్‌ను మిగతా కంపెనీలకు ఉచితంగా ఇస్తానని 2021లోనే ప్రకటించింది. 2023లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ దాని ఆధారంగా తేలికపాటి ఎలక్ట్రిక్ వాహనాలకు ఉమ్మడి చార్జింగ్ ప్రమాణం తెచ్చింది, ఐఎస్ 17017 రెండో భాగం, ఏడో సెక్షన్. ఇంట్లో వాడే ఏసీ కరెంటుకూ, ఫాస్ట్ చార్జింగ్ డీసీకీ ఒకటే పోర్టు. దీన్ని ప్రతి కంపెనీకీ తప్పనిసరి చేస్తే పదిమంది తయారీదారులు ఒకే చార్జర్ చేస్తారు, ధర దానంతటదే దిగొస్తుంది. ఫోన్ల విషయంలో యూరప్ చేసిందదే. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ కొత్త ఫోన్లన్నిటికీ టైప్-సీ పోర్టు ఉండి తీరాలి.

కంపెనీలే దారికొస్తాయిలే అనుకోవడానికి లేదు. సబ్సిడీకి పెట్టిన ధర పరిమితి దాటకుండా బండి ధర తక్కువ చూపించి, చార్జర్‌కు విడిగా డబ్బు వసూలు చేసిన కంపెనీలు, 2023లో కేంద్రం నిలదీశాకే ఆ సొమ్ము కొనుగోలుదారులకు తిరిగిస్తామన్నాయి. అసలు జబ్బు చార్జర్‌తో ఆగేది కాదు. ట్రాక్టరైనా ఫోనైనా బండైనా, డబ్బు మనం కడుతున్నాం, విప్పే హక్కు మాత్రం కంపెనీ దగ్గరే ఉంటోంది. రిపేరు హక్కు మీద 2022 జులైలో కేంద్రం వేసిన కమిటీ పరిధిలో వాహనాలు కూడా ఉన్నాయి. ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ, చార్జర్, వాటి సాఫ్ట్‌వేర్ ఆ హక్కు కిందికి రావాల్సిందే.

ముందుగా రవాణా శాఖ ఒక్క పని చేయొచ్చు. ఫుల్ చార్జ్ వోల్టేజీ, తీసుకోగల గరిష్ఠ కరెంటు, సెల్ రకం, ఈ మూడూ ప్రతి బ్యాటరీ మీదా తెలుగులో చెరగని అక్షరాలతో అచ్చు వేయకపోతే బండి రిజిస్ట్రేషన్ ఆపాలి.