పరీక్షనాళిక పగలకూడదు

నగరంలోని సర్కారు హైస్కూళ్లకు సైన్సు టీచర్లు దొరకడం లేదని, దొరికినవాళ్లు నిలవడం లేదని, నిలిచినవాళ్లకు సైన్సు చెప్పే తీరిక లేదని గిట్టనివాళ్లు కొందరు ప్రచారం చేస్తున్నారు. ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు నిండుగా ఉంది. మా మేనకోడలు హైదరాబాద్‌లో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంటు, అంటే హైస్కూలు టీచరు. బీఈడీ ఫీజు కట్టిన రోజు నుంచి నిన్న రాత్రి దాకా ఆ పిల్ల గోడు ఫోన్లో విన్నవాణ్ని నేనే. అందుకే ఢంకా బజాయించి చెబుతున్నాను: మన వ్యవస్థలో ఏ లోపమూ లేదు. అది ఏ పని కోసం పుట్టిందో ఆ పనిని దివ్యంగా చేస్తోంది. గాజు సామాను పగలకుండా కాపాడుతోంది.

ముందుగా టీచరు తయారీ సంగతి. ఏడాది బీఈడీతో ఏం వస్తుందని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి వాళ్లు 2014 నిబంధనల్లో దాన్ని రెండేళ్లు చేశారు. అందులో ఇరవై వారాలు బడికి వెళ్లి పని నేర్చుకోవాలన్నారు. మా పిల్ల చేరిన కాలేజీ వాళ్లది అంతకన్నా పెద్ద మనసు. ‘రోజూ వచ్చి ఏం చేస్తావమ్మా, రికార్డులు పెట్టు చాలు’ అన్నారు. హాజరుకో రేటు, రికార్డుకో రేటు. ఆ రికార్డులో ‘ఉపాధ్యాయురాలు ప్రయోగము చేసి చూపును, విద్యార్థులు పరిశీలించుదురు’ అని పాఠానికొకసారి రాసింది. రాసింది అంటే రాయించింది. చేతిరాత ముత్యాల్లా ఉందని బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు మెచ్చుకున్నాడట.

ఆ తర్వాత ఎంపిక. మన దగ్గర ఎంపిక ఎంత శాస్త్రీయమో చూడండి. టీచరు కావడానికి అర్హత పరీక్ష టెట్. దాని రెండో పేపరు 150 మార్కులకు. అందులో లెక్కలూ సైన్సూ కలిపి 60. అంటే మొక్కల గురించి చెప్పబోయే బోటనీ అమ్మాయి ముందు లెక్కలతో కుస్తీ పట్టాలి. పట్టాల్సిందే మరి, చెట్టుకు కాయలు లెక్కపెట్టాలి కదా. ఉద్యోగమిచ్చే పరీక్ష డీఎస్సీకి వస్తే తెలంగాణలో స్కూల్ అసిస్టెంటు పరీక్ష 80 మార్కులకు. సబ్జెక్టుకు 44, బోధన పద్ధతులకు 16, జనరల్ నాలెడ్జికి 10, విద్యా దృక్పథాలకు 10. మిగతా 20 టెట్ వెయిటేజీ. వందకు వంద సరిపోయింది. ఇందులో నలభై మంది పిల్లల ముందు నిలబడి నోరు తెరిచినందుకు ఎన్ని మార్కులు? సున్నా. సీసా మూత తీసినందుకు? అదీ సున్నా. బ్యూరెట్టు పట్టుకోవడం వచ్చో రాదో ఎవరూ చూడరు. కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు ఆప్షన్లలో ఒకటి నొక్కితే చాలు. వంటమనిషిని పెట్టుకునేటప్పుడు మనం ఒక పూట చారు కాయించి చూస్తాం. సైన్సు టీచరు విషయంలో అంత అనాగరికంగా ఎలా ప్రవర్తిస్తాం?

ఈ పరీక్ష రోజూ పెడితే దాని విలువ పోతుంది. తెలంగాణలో 2017 అక్టోబరులో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. మళ్లీ 2023 సెప్టెంబరులో 5,089కి ఇచ్చారు, ఇచ్చినదాన్ని రద్దు చేశారు, 2024 ఫిబ్రవరి 29న 11,062కి ఇంకోటి ఇచ్చారు. నాలుగేళ్లకొకసారి వచ్చే తారీఖు కాబట్టి ముహూర్తం కూడా సందర్భానికి తగినట్టే కుదిరింది. ఆంధ్రలో 2018 తర్వాత 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులు వేశారు. ఈ మధ్యకాలంలో మా పిల్ల చిక్కడపల్లి లైబ్రరీలో ఒకే కుర్చీని ఎన్నేళ్లు అరగదీసిందో దానికీ తెలీదు. తోటి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లు జీడిమెట్లలో మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌కు వెళ్లిపోయారు. ఇంకొందరు ఆరో తరగతి పిల్లలకు ఐఐటీ ఫౌండేషన్ రుద్దే బళ్లలో చేరారు, వేసవి రెండు నెలలూ జీతం ఉండదన్న షరతు మీద. బతకనేర్చినవాళ్లందరూ ఇలా జారిపోగా చివరికి సహనమూర్తులే బడికి మిగిలారు. హైస్కూల్లో కావలసింది సహనమేనని మీకు వేరే చెప్పాలా?

ఉద్యోగం వచ్చాక అండదండలు మొదలయ్యాయి. ఎనిమిదో తరగతి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. మూడో బెంచీ పిల్లాడు ఇంట్లో మాట్లాడేది ఒడియా. కాబట్టి ‘ఘర్షణ’ అనే ముక్క రెండు పేజీల మధ్య కుట్లలో ఇరుక్కుపోతుంది. ఆరు, ఏడు తరగతుల లెక్కలు కూడా నువ్వే చూసుకోమన్నారు. ఓటర్ల జాబితా వస్తే నువ్వే. ఇంటర్ పరీక్షలకు ఇన్విజిలేటరువి నువ్వే.

ఇక్కడ చట్టం సంగతి చెప్పకపోతే పాపం. విద్యాహక్కు చట్టం 27వ సెక్షను టీచర్లకు చదువేతర పనులు చెప్పకూడదంటుంది. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం మినహాయింపు. 2020 మే నెలలో లాక్‌డౌన్ సడలించి మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖలో పంతుళ్లను ఆ దుకాణాల దగ్గర క్యూలు చూడ్డానికి వేశారు. అది విపత్తు కిందే వస్తుందని నా నమ్మకం. పైగా ఆ క్యూ చూసినవాళ్లలో కెమిస్ట్రీ మాస్టారు ఎవరైనా ఉండి ఉంటే, ఇథనాల్ ధర్మాల మీద అంత శ్రద్ధగల విద్యార్థులు ఆయనకు సర్వీసులో మళ్లీ దొరికి ఉండరు.

ఇప్పుడు అసలు బీరువా దగ్గరకు వద్దాం. చేరిన వారానికి మా పిల్ల ల్యాబు చూపించమంది. ల్యాబు గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలున్నాయి. వాటి వెనక ఇనుప బీరువా. తాళంచెవి అటెండరు దగ్గర, అటెండరు సెలవులో. మూడోరోజు తెరిచారు. పాత పేపర్లో చుట్టిన పట్టకం. గడ్డకట్టిన మైలుతుత్తం. లేబుల్ ఊడిపోయి ఏ ఆమ్లమో చెప్పని సీసా. లిట్మస్ కాగితాలు ఎర్రవీ నీలివీ వెలిసిపోయి, రాజీపడి, ఒకే రంగుకు వచ్చేశాయి. పరీక్షనాళికలు మాత్రం నలభై ఎనిమిదికి నలభై ఎనిమిదీ ఉన్నాయి, ఫ్యాక్టరీలో చుట్టిన కాగితం విప్పకుండా.

“వాడుకోవచ్చా సార్?” అని హెడ్మాస్టారిని అడిగిందట.

“వాడుకోవద్దని ఎవరన్నారమ్మా? తియ్యొద్దు, అంతే. ఒకటి పగిలిందనుకో, రిజిస్టర్లో రాయాలి. ఆడిట్ వాళ్లు అడిగితే నా జీతంలోంచి కట్టాలి. డిజిటల్ బోర్డుంది కదా, వీడియో వెయ్యి. అందులో సీసా పగలదు.”

ఆయన్ని తప్పుపట్టకండి. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. అదే స్టాఫ్‌రూమ్‌లో పాతికేళ్లు బయాలజీ చెప్పిన మేడమ్ ఒకావిడ ఇప్పుడు పిల్లల్లో పిల్లలా గైడు ముందేసుకుని కూర్చుంటోంది. సర్వీసు ఐదేళ్లకు మించి మిగిలినవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాల్సిందేనని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె కూతురూ టెట్‌కే చదువుతోంది. ఇంట్లో గైడు ఒక్కటే, రాత్రి పది దాటాక అమ్మ వంతు.

మా పిల్లకు మాత్రం వయసు వేడి. మొన్న ఆమ్లాలు, క్షారాల పాఠానికి వంటింట్లో పసుపు పొట్లం, నిమ్మకాయ, బట్టల సబ్బు ముక్క సంచిలో వేసుకుని వెళ్లింది. తడి పసుపు పూసిన కాగితం మీద సబ్బు రుద్దించింది. కాగితం ఎర్రబడింది. తరగతి మొత్తం లేచి నిలబడిందట. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల అడిగింది: “మేడమ్, మా అమ్మ చీర మీద కూర మరక పడి, సబ్బు పెడితే ఎర్రగా అయింది. రంగు దిగిందని అమ్మ ఏడ్చింది. ఇదేనా అది?”

పీరియడ్ మొత్తం ఆ చీరకే పోయింది. సిలబస్ అంగుళం కదల్లేదు. ఇలాంటివి చూస్తూ ఊరుకుంటే రేపు పిల్లలు ప్రతిదానికీ ఎందుకని అడుగుతారు.

అదృష్టవశాత్తూ ఆ వారమే తనిఖీ వచ్చింది. అధికారి గారు బీరువా తెరిపించి, నాళికలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, ఒక్కటీ పగలనందుకు హెడ్మాస్టారికి కరచాలనం చేసి ‘ల్యాబు నిర్వహణ బాగుంది’ అని పుస్తకంలో రాశారు. వెళ్తూ వెళ్తూ టేబుల్ మీద పొట్లం చూశారు. స్టాకు రిజిస్టర్లో ఎక్కని పదార్థం తరగతి గదిలోకి ఎలా వచ్చిందో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మా పిల్లకు మెమో.

“ఏం రాయమంటావు మామయ్యా?” అని రాత్రి ఫోను చేసింది. ఆఫీసు భాష నాకు కొట్టిన పిండి. రాసి పంపాను: ‘సదరు పసుపును పప్పులో వేసితిమి. నిల్వ లేదు.’