మన్రోకు విషం పెట్టిందెవరు? ఎవరూ కాదప్పా

మా పదో తరగతి గ్రూపులో ఈ వారం నాలుగోసారి అదే మెసేజీ. ఈస్టిండియా కంపెనీ కాలంలో నడిచే డిటెక్టివ్ నవలల సిరీస్ ఒకటి ఈ మధ్యే ఆఖరి పుస్తకంతో ముగిసింది. అందులో 1827లో పత్తికొండలో మద్రాసు గవర్నర్ థామస్ మన్రోకు విషం పెడతారు. అది కథ. మెసేజీ మాత్రం ‘ఇన్నాళ్ళూ దాచిన చరిత్ర’ అంటోంది. ఆ సిరీస్ మొత్తం నిద్ర మానుకుని చదివినవాణ్ణి, అందుకే ఊరుకోలేకపోతున్నాను.

‘పొద్దున బాగున్న మనిషి రాత్రికి పోయాడు, విషం కాక మరేంటి?’ కలరా. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోతే ఎంత గట్టి మనిషైనా ఒక్కరోజులో పడిపోతాడు. పత్తికొండకు వచ్చే దారిలో గుత్తిలో దిగేనాటికే ఆయన వెంట ఉన్న సిపాయిల్లో కొందరు దానికే బలయ్యారు. జులై 6న ఆయన వంతు వచ్చింది.

‘గుత్తిలో గుట్టుగా పూడ్చేశారు.’ 1831లో తవ్వి తీసి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకెళ్ళారు. దాచేవాళ్ళు చేసే పనేనా అది? ఇక మద్రాసులోని ఆయన విగ్రహంలో గుర్రానికి రికాబులు (రౌతు పాదాలు పెట్టుకునేవి) లేకపోవడం హత్యకు గుర్తట! అదే శిల్పి లండన్‌లో నాలుగో జార్జి రాజును కూడా రికాబులు లేకుండానే కూర్చోబెట్టాడు.

నేను వదలలేనిది ఇది: ‘పత్తికొండ కర్నూలు నవాబుదే, ఆయన మనుషులే వంటవాణ్ణి కొన్నారు.’ ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉంది కాబట్టి అప్పుడూ నవాబుదేనా? 1800లో నిజాం దత్తమండలాలను (ఇప్పటి రాయలసీమలో చాలా భాగం, బళ్ళారి) కంపెనీకి వదులుకున్నప్పటి నుంచీ పత్తికొండ కంపెనీది. 1827లో బళ్ళారి కలెక్టరు కింద ఉండేది. నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఆయుధాలు కూడబెట్టాడన్న నేరం మీద 1839లో పట్టుకుని, రాజ్యం లాక్కున్నారు. గవర్నర్నే చంపించాడన్న అనుమానం ఆవగింజంత ఉన్నా పన్నెండేళ్ళు ఆగేవాళ్ళా? పైగా మన్రో అప్పటికే రాజీనామా ఇచ్చేశాడు. ఏడేళ్ళు కలెక్టరుగా తిరిగిన ఊళ్ళను చివరిసారి చూసుకోవడానికి వచ్చాడు. ఇల్లు చేరబోయే మనిషిని చంపి ఎవరేం బావుకుంటారు?

అయినా ఆ మెసేజీ చివర ఎవరో ఒక వాక్యం అతికించారు: ‘వాళ్ళ బుద్ధి అప్పుడూ అంతే.’ నవలలో ఈ మాట లేదు. మూడేళ్ళు నా బెంచీలోనే కూర్చున్న బాషా ఆ గ్రూపులోనే ఉన్నాడు. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. రోజూ పొద్దున్నే పలకరించేవాడు, ఆ రోజు నుంచి ఒక్క మాట లేదు.

ఒకటి ఒప్పుకుంటాను. ‘కంపెనీ కాగితాలను గుడ్డిగా నమ్మొద్దు’ అని ఆ మెసేజీలోనే ఉంది, ఆ ముక్క నిజం. 1847లో కోయిలకుంట్లలో, తమ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీసి, తలను కోటకు వేలాడదీసినవాళ్ళు వాళ్ళు. పిల్లలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకునేంతగా మనవాళ్ళు ప్రేమించిన మన్రో కూడా పాలెగాళ్ళను సైన్యంతోనే అణిచాడు. అనుమానించండి, కానీ ఆధారం చూసి అనుమానించండి.

పంపినవాళ్ళంతా మెసేజీ తీసేయండి. తీసేశాక బాషాకు ఫోన్ చేయండి. నేను నిన్న రాత్రే చేశాను. ఎత్తలేదు, ఇవాళ మళ్ళీ చేస్తాను.