పాత మ్యాచ్ రోజు గారికి, కొర్లగుంట నుంచి ఒక మేనమామ విన్నపం

గౌరవనీయులైన పాత మ్యాచ్ రోజు గారికి,
కేరాఫ్ శనివారం మధ్యాహ్నం మూడు గంటలు,
ఇంగ్లండ్.

అయ్యా,

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ నుంచి మీరు పోయి ముప్పై ఏళ్లు దాటిందని అందరూ అంటారు. పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదని మా ఇళ్లలో నేర్పుతారు, నిజమే. కానీ మీరు పోయినవాళ్లలా మర్యాదగా గోడ మీద ఫొటోలో ఉండటం లేదు. మా మేనల్లుడి గదిలో కాపురం పెట్టారు. అందుకే ఈ ఉత్తరం.

వాడు పుట్టింది 2003లో. లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు అభిమాని. ఇంగ్లండ్ సంగతి వదిలేయండి, చెన్నై విమానాశ్రయాన్ని కూడా బయట నుంచే చూశాడు. అయినా టీవీలో మ్యాచ్ మొదలవగానే ఒక నిట్టూర్పు విడుస్తాడు. "ఏమైనా ఆ రోజులే వేరు మామా!" ఆ రోజులంటే ఏ రోజులని అడిగితే తేదీతో సహా చెబుతాడు. 1994 ఏప్రిల్ 30. లివర్‌పూల్ సొంత స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో, కాప్ అనే స్టాండులో జనం పాత పద్ధతిలో నిలబడి చూసిన ఆఖరి మ్యాచ్. ఎదుటి జట్టు నార్విచ్ ఒక్క గోల్‌తో గెలిచి పోయింది. అప్పటికి వీడు పుట్టడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. సొంత తాత తిథి ఎప్పుడంటే తల గోక్కునేవాడు, ఏటా ఏప్రిల్ 30న మాత్రం తప్పకుండా స్టేటస్ పెడతాడు. నలుపు తెలుపు ఫొటో, కింద ఎర్ర గుండె బొమ్మ.

మీ అందం నాకు అర్థం కాదని అనుకోకండి. వాడు చూపించిన పాత వీడియోలు నేనూ చూశాను. గేటు దగ్గర చిల్లర ఇచ్చి లోపలికి పోవడం, చలిలో మాంసం కూరిన వేడి వేడి 'పై' తినడం, సాయంత్రం ఐదింటికి రేడియోలో ఫలితాలు చదువుతుంటే గొంతు ఎత్తుదింపుల్ని బట్టే ఎవరు గెలిచారో ముందుగా పసిగట్టడం, ఆ రాత్రే గులాబీ రంగు కాగితం మీద అచ్చయిన ఆటల పత్రిక కొనుక్కొని ఇంటికి పోవడం. బాగుంది. మరీ ముఖ్యంగా ఆ స్కోరు బోర్డు నాకు తెగ నచ్చింది. వేరే ఊళ్లలో జరిగే మ్యాచ్‌ల స్కోర్లు ఇంటర్వెల్‌లో బోర్డు మీద పెట్టేవారు, కానీ జట్ల పేర్లు ఉండవు. ఎ, బి, సి అని అక్షరాలే. ఎ అంటే ఏ మ్యాచో తెలియాలంటే లోపల అమ్మే ప్రోగ్రామ్ పుస్తకం కొనాలి. "అప్పట్లో ఆటలో వ్యాపారం లేదు మామా" అని వాడు అన్నప్పుడల్లా నాకు ఈ బోర్డే గుర్తొస్తుంది. మా బస్టాండు దగ్గర బొమ్మలు అమ్మేవాళ్లకు కూడా తట్టని ఉపాయం అది.

మా ఊళ్లోనూ మీకొక పేద చుట్టం ఉన్నాడు లెండి. యూనివర్సిటీ గ్రౌండ్లో కాలేజీ జట్ల మ్యాచ్. సున్నం గీతలు, నెట్ లేని గోల్ పోస్టులు. బంతి లోపలి నుంచి పోయిందా, పక్క నుంచి పోయిందా అని ఆట కంటే ఎక్కువ సేపు గొడవ. స్కూటర్ల మీద కూర్చొని చూసేవాళ్లే రిఫరీలు. దాని మీద ఎవడూ నిట్టూర్చడు. ఏడ్వాలన్నా ఇంగ్లండు సరుకే కావాలి మా వాడికి.

సరే, అసలు విషయానికొస్తాను. మీ ఫొటోల్లో అందరికీ నచ్చేది కాప్ జనం. ఒకప్పుడు పాతిక వేల మందికి పైగా ఒకే మెట్ల వరుస మీద ఒకరినొకరు ఆనుకొని నిలబడేవారు. గోల్ పడితే అందరూ ఒక్కసారిగా ముందుకు ఒరిగి మళ్లీ వెనక్కి. "కాళ్లు నేలకు ఆనేవి కావంట మామా, జనమే మోసుకుపోయేవారంట!" అని వాడు కళ్లు మెరిపిస్తూ చెబుతాడు.

అయ్యా, ఈ మాట మీరు ఇంకే ఊళ్లోనైనా చెప్పుకోండి. తిరుపతిలో చెప్పకండి. కాళ్లు నేలకు ఆనకుండా జనం మోసుకుపోవడం అంటే ఏమిటో ఇక్కడ క్యూలో నిలబడ్డ ప్రతివాళ్లకూ తెలుసు. 2025 జనవరి 8 రాత్రి మా ఊళ్లోనే, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. మరునాడు టౌనులో ఎవరూ గొంతు పెంచి మాట్లాడలేదు. మా వాడు కూడా.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో మీ వేషం పూర్తిగా కట్టి ఉంది. శనివారం, మూడు గంటలు, ఎండ, లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్, కప్పు సెమీఫైనల్. జనం మైదానంలోకి దిగకుండా ముందు ఇనుప కంచె. బయట రద్దీ పెరిగిందని పోలీసులు ఒక పెద్ద గేటు తెరిచారు. లోపలికి వచ్చినవాళ్లంతా ఎదురుగా కనిపించిన సొరంగం లాంటి దారిలోంచి, అప్పటికే నిండిపోయిన, కంచెలతో విడగొట్టిన మధ్య గదుల్లోకే పోయారు. ఆరు నిమిషాలకు ఆట ఆపారు. మొత్తం 97 మంది చనిపోయారు. తప్పంతా అభిమానులదే అన్నారు. కాదని జ్యూరీ చేత చెప్పించడానికి వాళ్ల కుటుంబాలకు 2016 దాకా పట్టింది. హిల్స్‌బరోకు నాలుగేళ్ల ముందు, 1985లో, బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండు కింద ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తకు నిప్పంటుకొని 56 మంది పోయారు. మీరు వెళ్లిపోవడానికి కారణం టీవీ అని మా వాడు అనుకుంటున్నాడు. మిమ్మల్ని ముందుగా పంపించింది 1990లో టేలర్ అనే జడ్జి ఇచ్చిన నివేదిక. కంచెలు తీయండి, పెద్ద స్టేడియాల్లో అందరికీ సీట్లు వేయండి అని ఆయన చెప్పాడు. వాడి గోడ మీద మీరు అంటించిన ఫొటోల్లో కంచె ఎందుకు కనబడదు? ఫొటో తీసినవాడు కంచెకు అవతల నిలబడి తీశాడు కాబట్టి.

ఇంకొక చిన్న సందేహం. ఆ ఫొటోలో మా వాడు తనను ఎక్కడ నిలబెట్టుకుంటున్నాడు? 1988లో లివర్‌పూల్ నల్లజాతి ఆటగాడు జాన్ బార్న్స్ లాంటివాడి మీదికే అరటిపండు విసిరితే ఆయన మడమతో తన్ని పక్కకు నెట్టిన ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ కాలంలో స్టేడియాల బయట నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ వాళ్లు తమ పత్రిక అమ్మేవారు. కొర్లగుంట ఎండకు కాగిన మా వాడి రంగు చూసి మీ జనం పక్కకు జరిగి చోటిచ్చేవారంటారా? వాడిని అడిగితే "లివర్‌పూల్ వాళ్లు అలా కాదు మామా" అన్నాడు. బార్న్స్‌ను కొత్తగా కొన్నప్పుడు లివర్‌పూల్ గోడల మీద ఏం రాశారో వాడిని చదువుకోమనండి.

అన్నట్టు, కాప్ అనే పేరు దక్షిణాఫ్రికాలోని ఒక కొండది. 1900 జనవరిలో బ్రిటన్‌కూ బోయర్లకూ జరిగిన యుద్ధంలో స్పియోన్ కాప్ మీద లివర్‌పూల్ వైపు లాంకషైర్ సైనికులు చాలామంది చనిపోయారు, ఆ జ్ఞాపకంతోనే స్టాండుకు ఆ పేరు పెట్టారు. ఆ యుద్ధంలో గాయపడ్డవాళ్లను డోలీల మీద మోసిన భారతీయ అంబులెన్సు దళంలో మన గాంధీ గారున్నారు. గాంధీ రోడ్డులో జెర్సీ కొని, గాంధీ రోడ్డులోనే టీ తాగి కాప్ కోసం కన్నీరు పెట్టేవాడికి ఈ సంగతి తెలియదు. మీరూ చెప్పినట్టు లేదు.

ఇక టీవీ. మీ శిష్యులందరి ప్రథమ శత్రువు. "టీవీ వాళ్లు ఆటను నాశనం చేశారు మామా. శనివారం మూడింటికి అందరూ ఒకేసారి ఆడేవాళ్లు, ఇప్పుడు శుక్రవారం, ఆదివారం, సోమవారం, ఎప్పుడు పడితే అప్పుడు" అంటాడు. టీవీ చూస్తూనే అంటాడు. 1992లో ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ ప్రీమియర్ లీగ్ పుట్టిందే టీవీ డబ్బు మీద. 2022లో మొదలైన మూడేళ్ల ఒప్పందాల్లో అయితే విదేశాల టీవీ హక్కుల డబ్బు బ్రిటన్‌లో వచ్చే డబ్బును మించిపోయింది. ఆ విదేశాల్లో కొర్లగుంట కూడా ఉంది స్వామీ! లివర్‌పూల్‌లో ముసలాయన ఆదివారం రైళ్లు లేక అవస్థ పడుతున్నాడంటే అందులో మా ఇంటి రీచార్జి వాటా కూడా ఉంది.

ఇంకా విచిత్రం వినండి. శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 వరకు బ్రిటన్‌లో మ్యాచ్‌లు టీవీలో లైవ్ వేయకూడదని 1960ల నుంచి ఒక కట్టుబాటు ఉంది. జనం ఇళ్లలో కూర్చుంటే చిన్న ఊళ్ల క్లబ్బుల గేటు వసూళ్లు పోతాయని. అంటే మీ అసలైన ముహూర్తం, మూడు గంటల మ్యాచ్, ఆ స్టేడియం పక్క వీధిలో ఉన్నవాడు ఇంట్లో చూడలేడు. మా వాడు చూస్తాడు. చలికాలంలో మనకది రాత్రి ఎనిమిదిన్నర. కంచంలో అన్నం, ఎదురుగా ఆట, నోట్లో "ఆ రోజులే వేరు".

ఇంగ్లండ్ టైము మధ్యాహ్నం పన్నెండున్నర మ్యాచ్ అంటే మరీ మండిపడతాడు. లివర్‌పూల్ కోచ్‌గా ఉన్నప్పుడు యుర్గెన్ క్లాప్ ఆ టైమును బహిరంగంగా తిట్టాడు కాబట్టి వీడూ తిడతాడు. చలికాలంలో అది మనకు సాయంత్రం ఆరు. కాలేజీ అయిపోయి, మిరపకాయ బజ్జీలు చల్లారకముందే ఇంటికి చేరి కాళ్లు చాపుకొని చూసే టైము. వాడి కోసమే పెట్టారా అన్నట్టుంటుంది. మరి రాత్రి ఒకటిన్నరకు వచ్చే యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లను మాత్రం ఒక్క మాట అనడు. అర్ధరాత్రి దాటాక కూడా యాత్రికుల పుణ్యమా అని రైల్వే స్టేషన్ ఎదురుగా టీ దొరుకుతుంది కదా, అదొక సరదా.

దీనికి వాడిని ఒక్కడినే తిట్టి లాభం లేదు. మా ఊరి పెద్దవాళ్లందరిదీ ఇదే వరస. "మా కాలంలో కొండకు పోతే క్యూ ఎక్కడిది నాయనా, కులశేఖర పడి దాకా పోయి స్వామిని కళ్లారా చూసి, ఇంకోసారి తిరిగి వచ్చి చూసేవాళ్లం" అంటారు. అని, 300 రూపాయల టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజున మనవడి ఫోన్, కోడలి ఫోన్, తమ ఫోన్ మూడూ ముందు పెట్టుకొని కూర్చుంటారు. రద్దీ ఎక్కువైపోయిందని రద్దీలోనే నిలబడి తిట్టేది మేమే.

మన దేశంలోనూ మీ ఏజెంట్లున్నారు. బూట్లు వేసుకోమన్నారని పౌరుషానికి పోయి మనవాళ్లు 1950 ప్రపంచకప్ వదులుకున్నారని ఇప్పటికీ ఎంత ప్రేమగా చెబుతారో! ఆనాడు మన ఫెడరేషన్‌కు ఒలింపిక్స్ మీదున్న గురి ప్రపంచకప్ మీద లేదు. ఇక ఒట్టి కాళ్ల అందం సంగతి 1952లో హెల్సింకీ ఒలింపిక్స్ చలిలో తేలింది. యుగోస్లావియా చేతిలో 10-1. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఏషియాడ్‌లో బంగారు పతకం. రెండుసార్లూ కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం, రెండుసార్లూ జట్టులో సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం. మీ లెక్కలో ఇవి పాత రోజులు కావేమో, వీళ్ల ఫొటో మా వాడి గోడ మీద ఒక్కటీ లేదు.

ఇంతా రాసి మిమ్మల్ని వాడి గదిలోంచి ఖాళీ చేయమని అడగడం లేదు. అద్దె కట్టమంటున్నాను, అంతే. మీ దగ్గర నిజంగా విలువైన సరుకు ఒకటుంది. అప్పట్లో రేవులో కూలి చేసుకునేవాడు కూడా కొడుకును వెంటబెట్టుకొని మ్యాచ్‌కు పోగలిగేవాడు. ఇప్పుడు పోలేడు. ఆ కోపం మాత్రం మా వాడికి నేర్పండి. 2016 ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషంలో వేలమంది లివర్‌పూల్ అభిమానులు లేచి బయటికి నడిచారు. మరుసటి సీజన్‌కు కొన్ని టికెట్లు 77 పౌండ్లు చేస్తామన్నందుకు. వాళ్లు లేచేసరికి లివర్‌పూల్ 2-0తో గెలుస్తోంది, వాళ్లు పోయాక 2-2 అయింది. నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. ఈ ముచ్చట చెబితే మా వాడు "అవును మామా, కానీ అప్పటికే ఆ పాత వాతావరణం లేదు కదా" అన్నాడు. పాత వాతావరణం అంటే వాడి ఉద్దేశంలో పొగ, వాన, నలుపు తెలుపు.

ఇట్లు,
ఒకటిన్నర మ్యాచ్‌కు వీడితో పాటు మేలుకొని, పొద్దున ఆఫీసులో కునికే
మేనమామ,
కొర్లగుంట, తిరుపతి.

తా.క.: మీరు 2022లో సగం తిరిగి వచ్చారని తెలిసింది. ఇంగ్లండ్‌లో అనుమతి ఉన్న చోట్ల, ముందు ఇనుప కడ్డీ బిగించిన సీట్ల దగ్గర, మళ్లీ నిలబడి చూడనిస్తున్నారట. ఈ శుభవార్త మా వాడికి చెప్పాను. "కడ్డీ పట్టుకొని నిలబడేది కూడా ఒక నిలబడటమేనా మామా" అని పెదవి విరిచాడు. మంచం మీద పడుకొని, దిండు సర్దుకుంటూ.