కౌంటర్ ప్రొడక్టివ్ కామేశ్వర్రావు

కామేశ్వర్రావు: ఏమోయ్, స్ట్రాంగ్‌గా ఓ కాఫీ పట్రా! ఇవాళ మేనేజరు గారు నన్ను అందరి ముందూ పొగిడారు.

రమణి: మిమ్మల్నా? ఆయన ఒంట్లో బాగానే ఉందా?

కామేశ్వర్రావు: "మీరు చేసింది చాలా కౌంటర్ ప్రొడక్టివ్" అన్నారు. బ్యాంకులో అన్ని కౌంటర్లున్నాయి, ఇంకెవర్నైనా అన్నారా?

రమణి: (నెత్తి కొట్టుకుని) అది పొగడ్త కాదండీ, చీవాట్లు. ఏది కావాలని చేస్తామో సరిగ్గా దానికే ఎసరు పెట్టే పనిని అలా అంటారు. ఇంతకీ ఏం వెలగబెట్టారు?

కామేశ్వర్రావు: క్యూ తగ్గిద్దామని ఇంకో క్యూ పెట్టించా. ఏ క్యూలో నిలబడాలో ముందు ఆ క్యూలో నిలబడి కనుక్కోవాలి.

రమణి: తగ్గిందా?

కామేశ్వర్రావు: మెట్లు దిగి పక్కనున్న జెరాక్స్ షాపు దాకా వెళ్లింది. షాపతను సంతోషంతో నాకు టీ పంపించాడు.

రమణి: పంపడూ మరి! ఇంట్లో మాత్రం తక్కువా? చచ్చిన బొద్దింకకు ఐదు రూపాయలని చంటిగాడికి ఆశ పెట్టిందెవరు?

కామేశ్వర్రావు: వాడి చురుకు చూశావా? రోజురోజుకీ లెక్క పెరుగుతోంది!

రమణి: పెరగదూ! గ్యాస్ బండ వెనక చూడండి. బెల్లం ముక్క, బిస్కెట్ పొడి, తడి గోనెగుడ్డ. వెలుతురు పడకుండా పైన అట్ట కూడా కప్పాడు. బొద్దింకల్ని పెంచుతున్నాడు మీ సుపుత్రుడు!

కామేశ్వర్రావు: ఈ వయసుకే అంత తెలివా! అచ్చం నా పోలికే.

రమణి: 1902లో హనోయిలోనూ ఇదే భాగోతం. అప్పుడు వియత్నాంను ఏలుతున్నది ఫ్రెంచివాళ్లు. వాళ్లు కట్టించిన మురుగు కాలవల్లోనే ఎలుకలు తామరతంపరగా పెరిగాయి. ప్లేగు భయం పట్టుకుని, ఎలుకను చంపి తోక తెస్తే డబ్బులిస్తామన్నారు.

కామేశ్వర్రావు: తోకే ఎందుకూ?

రమణి: ఎలుకలన్నీ తెచ్చి పోస్తే ఆఫీసులో ఎవరు కూర్చుంటారు? జనం తోక కోసుకుని ఎలుకను వదిలేశారు. అది పిల్లల్ని పెడితే మళ్లీ తోకలేగా! ఊరి శివార్లలో ఎలుకల పెంపకమే మొదలెట్టారు. తోకల్లేని ఎలుకలు ఊళ్లో తిరుగుతుంటే గానీ దొరలకు విషయం బోధపడలేదు.

కామేశ్వర్రావు: ఇవన్నీ నీకెలా తెలుసు?

రమణి: చరిత్రలో ఎం.ఏ. చేసింది పప్పు రుబ్బుకోవడానికే అనుకున్నారా?

కామేశ్వర్రావు: నయం, నేను బొద్దింక మీసాలు తెస్తే చాలనలేదు. సరే, రేపట్నుంచి రూలు మారుస్తా. ఇంట్లో బొద్దింక కనిపిస్తే వాడికే ఐదు రూపాయలు ఫైను!

రమణి: అప్పుడు కనిపించకుండా దాస్తాడు. మీ బీరువాలోనే.

కామేశ్వర్రావు: అయితే మందు కొనుక్కొస్తా. ఓ రెండొందలుంటే ఇవ్వు.

రమణి: నెలాఖరున నా దగ్గరెక్కడివి? ఉన్నదంతా చంటిగాడికే పోసారుగా. వాణ్నే అడగండి.

కామేశ్వర్రావు: (లోపలికెళ్లి, మొహం వేలాడేసుకుని వచ్చి) వడ్డీకైతే ఇస్తాడట. బొద్దింకల మందుకు మాత్రం ఇవ్వడట. వ్యాపారం దెబ్బతింటుందట!