బురదను అడగకుండానే ఎస్టిమేటా?

విజయనగరం పెద్ద చెరువులో పైడితల్లమ్మ తెప్పోత్సవం దగ్గర పడుతుందంటే చాలు, గుర్రపుడెక్క లాగి గట్టున పోస్తారు. అక్కడే కుళ్లిన ఆ రసం వానకు మళ్లీ చెరువులోకే దిగుతుంది. వేసవి వస్తే పూడికతీత మాట. ఎన్ని క్యూబిక్ మీటర్లు, ఎన్ని లారీలు, రేటెంత అన్న లెక్కలన్నీ సిద్ధం. ఆ బురద ఎక్కడి నుంచి వచ్చిందన్న ఒక్క లెక్క తప్ప.

తవ్వితే నీటి నిల్వ పెరుగుతుందంటారు. పెరుగుతుంది, కాదనం. ఏ నీళ్లు నిలుస్తాయన్నదే మా ప్రశ్న.

ఊరి చెరువు అడుగున పేరుకునే కుళ్లు నాలుగు దారుల్లో వస్తుంది: మురుగు; నీళ్లలోనే పుట్టి చచ్చే నాచు; గుర్రపుడెక్క, జమ్ము లాంటి కలుపు; వానకు కొట్టుకొచ్చే మట్టి, ఆకు. నాలుగింటికీ మందు ఒకటి కాదు. వాన మట్టి అయితే తవ్వకమే మందు. మురుగైతే కాలువను మళ్లించకుండా ఎంత తవ్వినా, తవ్విన గోతిని నింపేది ఆ మురుగే.

ఏది ఎంతో తెలుసుకోవడం బ్రహ్మవిద్య కాదు. కాలువలు కలిసే చోట, నడిమధ్యన, కలుపు కింద, మదుము దగ్గర పీవీసీ గొట్టం నిలువుగా దించాలి. పైన బిరడా బిగించి తీయకపోతే బురద జారిపోతుంది. రెండేసి సెంటీమీటర్ల ముక్కలు కోసి, ఐసులో పెట్టి ల్యాబుకు పంపాలి. కర్బనం, నత్రజని నిష్పత్తి నాచులో 4 నుంచి 10 దాకా ఉంటే నేల మీది చెట్ల ఆకుల్లో 20 దాటుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి బోల్తా పడతారు. మురుగు నిష్పత్తీ తక్కువే కాబట్టి అది నాచులా కనబడుతుంది. బంకమట్టి అమ్మోనియాను పట్టుకోవడంతో వాన మట్టి కూడా ఒక్కోసారి అలాగే మోసం చేస్తుంది. నత్రజని-15 ఐసోటోపు, అంటే నత్రజనిలోనే కాస్త బరువైన రకం, ఎంతుందో కొలిస్తే కొంత తేలుతుంది. దానికి ఆమ్లం తగలని నమూనా వేరుగా ఉంచాలి, కర్బనం కొలిచేముందు గుల్లల సున్నం పోగొట్టడానికి వాడే ఆమ్లం నత్రజని లెక్కను చెడగొడుతుంది మరి. అయితే మురుగు తాగి పెరిగిన నాచులోనూ ఆ మురుగు నత్రజని గుర్తే ఉంటుంది. అందుకే చివరి సాక్షి కోప్రోస్టనాల్. మనిషి పేగుల్లో కొలెస్ట్రాల్ నుంచి తయారయ్యే ఈ కొవ్వు పదార్థం గాలి ఆడని నల్ల బురదలో చాలాకాలం నిలుస్తుంది. గేదెల పేడలో దీనికన్నా దీని దాయాది పదార్థమే ఎక్కువ. కాబట్టి ‘పశువులు కడుగుతున్నారు’ అన్న సాకు కూడా ల్యాబులోనే తేలిపోతుంది.

ఈ పరీక్ష లేకుండా ఎస్టిమేటు ఎలా వేస్తారు? తవ్విన మట్టిని పొలాలకు తోలాలన్నా అందులో సీసం, కాడ్మియం చూడాలి కదా? మురుగు ఆపాక తవ్వితే అర్థముంది. బురదలో ఇనుమును అంటిపెట్టుకున్న భాస్వరం, అడుగున ఆక్సిజన్ అయిపోగానే విడిపోయి నీళ్లలోకి తేలుతుంది. అలా కాలువ కట్టేశాక కూడా ఏళ్ల తరబడి నాచును మేపుతుంది. ఆ పొరను తీయాల్సిందే. ఎంత లోతున ఉందో చెప్పేదీ ఆ గొట్టమే. అంటే ముందు పరీక్ష, తర్వాత మళ్లింపు, చివర తవ్వకం. మన దగ్గర చివరిది మాత్రమే బిల్లవుతుంది.

నీటి వనరుల్లోకి కాలుష్యం వదలడం 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ కింద నిషిద్ధం. అది పురపాలక కాలువకు వర్తించదని ఎక్కడా రాసి లేదు. పూలు, పత్రి వేసిన భక్తుడికి మైకులో సుద్దులు చెప్పి, పేటల మురుగును అదే చెరువుకు తిప్పడం ఏ నీతి? ఇక్కడ చెల్లితే రేపు శ్రీకాకుళంలో, బొబ్బిలిలో, ప్రతి ఊరి చెరువుకూ ఇదే నమూనా ఎస్టిమేటు.

బురద రిపోర్టు లేని ఫైలు మీద సంతకం పెట్టే అధికారులు గట్టు మీద ‘చెరువును పరిశుభ్రంగా ఉంచండి’ అన్న బోర్డు పెట్టేముందు, దాని కిందుగా పారుతున్న కాలువ ఎవరిదో కూడా అందులో రాయించండి.