పేరు పదిలం.. డిజైన్ గాలికి!

పోచంపల్లి చీర మగ్గం ఎక్కేసరికే సగం పని అయిపోయి ఉంటుంది. గ్రాఫ్ కాగితం మీద గీసిన డిజైన్‌ను బట్టి పేక నూలును ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ వరసగా తిప్పి పేర్చాలి. గళ్ల లెక్కన గుర్తులు పెట్టాలి. రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీలు బిగించి కట్టాలి. ఒక రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, మరోచోట కట్టి, ఇంకో రంగులో ముంచాలి. ఇంత చేసి నేసిన చీరను కాపీ కొట్టడానికి ప్రింటింగ్ యూనిట్‌కు కావాల్సింది ఫోన్‌లో వచ్చిన ఒక్క ఫొటో. ఆ ప్రింటు చీరను తిరగేస్తే వెనకవైపు రంగు వెలవెలబోతూ కనిపిస్తుంది. పువ్వు అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి. అసలు ఇక్కత్‌కు రెండు వైపులా ఒకటే రంగు. పోగులు వెంట్రుకవాసి జరగడం వల్ల అంచుల్లో సన్నటి మసక తప్పదు. కొనేవారిలో ఎంతమంది చీర తిరగేసి చూస్తారు?

‘జీఐ ఉంది కదా’ అనేది ఇలాంటప్పుడు అధికారుల నోట వచ్చే మొదటి మాట. ఉంది, కాదనడం లేదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపు (జీఐ) చట్టం 2003 సెప్టెంబరులో అమల్లోకి వస్తే, దేశంలో తొలి విడతలోనే నమోదైన వాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. కానీ ఆ చట్టం కాపలా కాసేది పేరుకు. ప్రింటు చీర మీద ‘పోచంపల్లి’ అని ముద్ర వేసి అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా పడతాయి. అదే చీరకు ‘ఇక్కత్ ప్రింట్’ అని చీటీ అంటిస్తే జీఐ చట్టం నోరు మెదపదు. ఇక్కత్ అన్న మాట మలయ్, ఇండోనేషియా భాషల నుంచి వచ్చింది. దానికి అర్థం ‘కట్టడం’. అది ఏ ఒక్క ఊరి సొత్తూ కాదు. నకిలీ వ్యాపారికి ఈ సంగతి మన అధికారుల కంటే బాగా తెలుసు.

మరి డిజైన్ సంగతి? గీసింది బొమ్మే కాబట్టి కాపీరైట్ వర్తిస్తుందని చాలామంది ధీమా. ఇక్కడే అసలు గొయ్యి ఉంది. కాపీరైట్ చట్టంలోని 15(2) సెక్షన్ ప్రకారం, డిజైన్ల చట్టం కింద నమోదుకు వీలుండీ నమోదు చేయించుకోని డిజైన్‌తో సొంతదారు 50కి మించి వస్తువులు తయారు చేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. ‘పారిశ్రామిక ప్రక్రియ’ అని చట్టంలో ఉంది, చేమగ్గానికి వర్తించదులే అనుకోవడానికీ లేదు. డిజైన్ల చట్టం చేతితో చేసే పనిని కూడా అందులోనే కలిపింది. ఒక పడుగు మీద ఏడు చీరలు దిగుతాయనుకుంటే, ఎనిమిదో పడుగు మొదట్లోనే గీత దాటినట్టు. నాలుగు మగ్గాలున్న ఇంట్లో ఇది ఎన్నాళ్ల పని? ఫర్నిచర్ వస్త్రాల డిజైన్లపై 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పూ, 2016లో ఇద్దరు ఫ్యాషన్ వ్యాపారుల తగాదాలో ఇచ్చిన తీర్పూ ఈ బాటలోనే నడిచాయి. ఒక్కో చీరకు 9 వేల సార్లు చేయి ఆడించే ఆసు పనిని యంత్రానికి అప్పగించిన చింతకింది మల్లేశంకు పేటెంట్ దక్కింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. చట్టం ప్రకారం పేటెంట్ గడువు 20 ఏళ్లు. ఆ యంత్రం మీద పోసిన నూలుతో పూసే కొత్త పువ్వుకు మాత్రం 51వ చీరతో నూకలు చెల్లుతున్నాయి.

దారి లేకపోలేదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయిస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు హక్కు ఉంటుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు రుసుము రూ.1000. వస్త్రాలు 5వ తరగతి కిందికి వస్తాయి. చీర మొత్తం ఫొటో ఒక్కటే పెట్టి ఊరుకుంటే చాలదు. తిరిగి తిరిగి వచ్చే నమూనా ఒక పూర్తి వరసా, దానికి పొడవునా వెడల్పునా ఆనుకున్న భాగమూ స్పష్టంగా కనిపించాలి. కొత్తదనం ఎక్కడుందో, అంచులోనా, కొంగులోనా, ఒంట్లోనా, ఒక్క వాక్యంలో చెప్పాలి.

ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేది మాత్రం ఫొటోల దగ్గర కాదు, తేదీ దగ్గర. దరఖాస్తుకు ముందురోజు వాట్సాప్ గ్రూపులో పెట్టినా, ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ చేసినా డిజైన్ ‘ప్రచురితం’ అయినట్టే. ప్రత్యర్థి లాయరు ఆ స్క్రీన్‌షాట్ ఒక్కటి చూపించి నమోదును రద్దు చేయించగలడు. నేత పనివారి కోసమే అన్నట్టు ఇదే చట్టం 16వ సెక్షన్‌లో చిన్న వెసులుబాటు ఉంది. నమోదు చేయించబోయే కొత్త వస్త్ర డిజైన్‌కు రహస్యంగా తీసుకున్న తొలి ఆర్డరు ప్రచురణ కిందికి రాదు. ‘కొత్త డిజైన్, నమోదు చేయిస్తున్నాం, ఎవరికీ చూపరాదు’ అని ఆర్డరు చీటీ మీద రాయించి షావుకారు సంతకం తీసుకుంటే చాలు. ఈ సంగతి నేతన్నకు చెప్పేవారే లేరు.

ఎవరి పేర నమోదు చేయాలన్నది మరో చిక్కు. కూలి ఇచ్చి గీయించుకుంటే, చట్టం దృష్టిలో సొంతదారు కూలి ఇచ్చినవాడే. గ్రాఫ్ గీసిన చేతికి వాటా కావాలంటే ముందే కాగితం రాసుకోవాలి. నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్‌కూ మగ్గం మనిషికీ మధ్య కాగితమన్నది ఎప్పుడైనా ఉందా?

నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాలు లాంటి పాత నమూనాలను ఎవరూ కొత్తవిగా నమోదు చేయించుకోలేరు. అయితే, పాతవని నిరూపించే రికార్డు చేతిలో లేకపోతే బయటివాడు తెలివిగా సర్టిఫికెట్ తెచ్చుకుని నేసేవాడికే నోటీసు పంపగలడు. గాయాలకు పసుపు వాడకంపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంట్‌ను మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ 1997లో రద్దు చేయించగలిగింది పాత గ్రంథాల్లోని ఆధారాలను ముందు పెట్టడం వల్లే. హైదరాబాద్, విజయవాడల్లోని వీవర్స్ సర్వీస్ సెంటర్లు పాత చీరలను, రుమాళ్లను తేదీలతో సహా ఫొటోలు తీసి అందరికీ కనిపించేలా ఉంచితే, అలాంటి సర్టిఫికెట్లు పుట్టకముందే ఆగిపోతాయి.

నమోదైన డిజైన్‌ను కాపీ కొడితే చట్టం చెప్పే పరిహారం ఒక్కో ఉల్లంఘనకు రూ.25 వేలు, ఒక డిజైన్‌పై మొత్తం కలిపి రూ.50 వేలకు మించదు. పట్టు చీరలు నాలుగైదు అమ్మితే వచ్చే సొమ్ము ఇది. అది వద్దనుకుంటే నష్టపరిహారానికీ, కాపీని ఆపించే కోర్టు ఉత్తర్వు (ఇంజంక్షన్)కూ దావా వేయవచ్చు. అయితే అవతలివాడు ‘ఈ నమోదే చెల్లదు’ అన్నాడంటే జిల్లా కోర్టులోని కేసు హైకోర్టుకు బదిలీ అవుతుంది. లాయరు ఫీజు దగ్గరే నేతన్న చేతులెత్తేస్తాడు. పరిహారం పరిమితి పెంచాలి. 2024 నవంబరులో రియాద్‌లో కుదిరిన డిజైన్ల ఒప్పందంలో ఉన్నట్టుగా, బయటపెట్టాక కూడా 12 నెలల్లోపు దరఖాస్తు చేసుకునే వెసులుబాటును మన చట్టంలోనూ చేర్చాలి. రెండూ కేంద్రం చేతిలోని పనులు.

రాష్ట్రాల చేతిలోనూ పని ఉంది. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం పేరిట ప్రదర్శనలు పెడతారు. కొత్త చీరలన్నీ అక్కడే మొదటిసారి వేలాడతాయి. కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనయితే, ముందుగా నోటీసు ఇచ్చి 6 నెలల్లోపు దరఖాస్తు చేసుకున్నవారికి ఆ ప్రదర్శన అడ్డం రాదు. మిగతా చోట్ల మాత్రం చీర వేలాడిన గంటలోనే కొత్తదనం పోతుంది. చేనేత శాఖ స్టాల్ కేటాయింపు చీటీతో పాటే డిజైన్ దరఖాస్తు నింపిపెట్టే మనిషిని నెల ముందు నుంచీ సొసైటీ ఆఫీసులో కూర్చోబెట్టాలి. రూ.1000 రుసుమును శాఖే కట్టాలి. ప్రదర్శన ప్రారంభోత్సవానికి వేసే షామియానా ఖర్చు ముందు అదెంత?